న్యాయశాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మొన్న సిటీలో ఒక కోర్టు బయట, టైపిస్టు బల్ల దగ్గర ఒకామె కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టుకుంటోంది. భరణం కేసు. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం అందాలి. ఆ ముక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్కనే ఫైళ్లు మోస్తున్న లా స్టూడెంట్‌ని అడిగాను. "ఎగ్జామ్‌కి చదివానండీ, మర్చిపోయా" అన్నాడు. వాడిని ఏమనగలం!

లా చదువుల ప్రమాణాలు చూసే బార్ కౌన్సిల్ 2008 రూల్స్ మూడేళ్ల లా కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ పెట్టాయి. చాలామందికి అది సర్టిఫికెట్ తెచ్చుకోవడంతో సరి. బార్ కౌన్సిల్‌తో మాట్లాడి, అందులో నాలుగు వారాలైనా తహసీల్దార్ ఆఫీసులోనో, లీగల్ ఎయిడ్ కౌంటర్‌లోనో కూర్చోబెట్టండి. అర్జీ ఎందుకు వెనక్కి పంపారో రాసివ్వమని అడిగే పిల్లలు ఎదురుగా ఉంటే, "రేపు రా" అనడానికి గుమాస్తాకు నోరు రాదు.

1998లో మనకు నల్సార్ లా యూనివర్సిటీ వచ్చింది, సంతోషం. అందులో సీటు దొరికేది కొద్దిమందికే. మిగతా కాలేజీల సంగతి ముందు చూడండి.

ఇట్లు,
మలక్‌పేట వాసి