ఒంటివేలు గెలిచిందిరా!

ఒరేయ్ తబలా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. తిట్టు, పడతాను. కొత్త ఉద్యోగం, మధ్యలో పిల్లాడికి ఆటలమ్మ, ఆపైన మంచు. ఇప్పుడందరం బాగున్నాం. అమ్మ మోకాలికి ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఇంటి కబుర్లు అయిపోయాయి.

అసలు సంగతి విను. ఒంటివేలు గెలిచిందిరా!

నేను బేస్ గిటారు ఒక్క వేలితోనే మీటుతుంటే మన ఆర్కెస్ట్రా మాస్టారు నా కుడిచేతి మీద స్కేలుతో కొట్టి, "రెండో వేలు ముక్కులో పెట్టుకోడానికిచ్చాడా దేవుడు?" అనేవాడు కదా. నువ్వేమో నీ తబలా జోడీలో ఆ పెద్ద డగ్గా చాటున నవ్వేవాడివి. ఆ స్కేలు ఇంకా ఉంటే చెప్పు, మ్యూజియంలో పెట్టిద్దాం.

డెట్రాయిట్ పక్కన ఆరేళ్లుగా ఉంటున్నా, వెస్ట్ గ్రాండ్ బుల్వార్డ్‌లో మోటౌన్ అనే పాటల రికార్డుల కంపెనీ పాత ఇల్లు ఎప్పుడూ చూడలేదు. పోయిన శనివారం చుట్టాలొస్తే తీసుకెళ్లాను. 1959లో బెర్రీ గోర్డీ ఇంట్లోవాళ్ల దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని మొదలుపెట్టిన కంపెనీ అది. వెనకాల స్టూడియో మన హాస్టల్ మెస్‌లో సగం కూడా ఉండదు. ఎక్కడ చూసినా వైర్లు వేలాడేవని దాన్ని పాముల గొయ్యి అనేవాళ్లట అక్కడి వాయిద్యగాళ్లు. చుట్టాలు సెల్ఫీల్లో ఉన్నారు, నేను కదల్లేదు. అక్కడే వాళ్ల బేస్ గిటారిస్టు జేమ్స్ జేమర్సన్ వాయించాడు.

ఆయన కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడురా! మిగతావి పికప్ (తీగల మోతని పట్టే భాగం) మూత మీద ఆనించి, ఒక్క వేలితో మీటడమే. దాన్ని కొక్కెం అనేవాళ్లు, ద హుక్. ముందు జాజ్ క్లబ్బుల్లో నిలువెత్తు బేస్ వాయించినవాడు, ఆ అలవాటే ఎలక్ట్రిక్ బేస్ గిటారు మీదికీ తెచ్చాడు. ఆయన గిటారు 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. నున్నటి లావుపాటి తీగలు, తెగితే తప్ప మార్చడు. తీగలు ఆనే బ్రిడ్జి మూత కింద స్పాంజి ముక్క కుక్కి ఉండేది, అందుకే ఆ ధ్వని గుండ్రంగా, మోగి మోగనట్టు ఉంటుంది. ఇంట్లో నేనూ గిన్నెలు తోమే స్పాంజి కోసి పెట్టా. మా ఆవిడ... సరే, అది వేరే కథ.

నీ భాషలో చెప్తా. అప్పటిదాకా పాప్ పాటల్లో బేస్ అంటే సమ్ మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద "ధా" కొట్టి కూర్చునే పని. ఈయన వచ్చాక అది నీ డగ్గాలాగా మాట్లాడింది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి తిన్నగా పోడు, మధ్యలో పక్కింటి స్వరాలన్నీ పలకరించి, దెబ్బకి కాస్త ముందో వెనకో దిగుతాడు. 1967లో ఫోర్ టాప్స్ పాడిన "బెర్నడెట్" పెట్టుకో. గొంతులు మర్చిపోయి కింద ఏం జరుగుతోందో విను. ఈ ఉత్తరం పక్కన పెట్టి విను, తర్వాత చదువు.

విన్నావా? అబద్ధం ఆడకు.

జేమర్సన్ చిన్నప్పుడు సౌత్ కరోలినాలో చీమలపుట్టలో కర్ర గుచ్చి, దానికి రబ్బరు తీగ కట్టి మీటి, చీమల చేత నాట్యం చేయించేవాణ్ణని చెప్పుకునేవాడట. నిజమో కాదో గానీ నాకు నచ్చింది.

ఇంకోటి. గాయకుడు మార్విన్ గే తన "వాట్స్ గోయింగ్ ఆన్" పాట రికార్డింగుకి ఈయనే కావాలని పట్టుబట్టి, క్లబ్బులో వాయిస్తున్నవాణ్ణి లాక్కొచ్చాడట. తాగి ఉన్నాడు, స్టూలు మీద కూర్చోలేకపోయాడు. నేల మీద వెల్లకిలా పడుకుని వాయించేశాడంటారు! నేనూ ప్రయత్నించా. నడుము పట్టేసింది, రెండు రోజులు జండూబామ్. పాట సంగతి అడగకు.

తమాషా ఏంటంటే, 1971లో ఆ పాటున్న ఆల్బమ్ వచ్చేదాకా మోటౌన్ వాళ్లు అట్ట మీద ఆయన పేరే వేయలేదు. "మై గర్ల్" పాట మొదట్లో ఒంటరిగా వినిపించే ఆ బేస్ ఎవరిదో రికార్డు కొన్నవాళ్లకి తెలియదు. మాస్టారు సావనీర్‌లో అందరి పేర్లూ వేసి నాది మర్చిపోయినప్పుడు నేను వారం రోజులు అన్నం మానేశానే... ఈయన పన్నెండేళ్లు.

తర్వాత కథ చెప్పాలని లేదు, చెప్పకుండానూ ఉండలేను. 1972లో కంపెనీ లాస్ ఏంజలస్‌కి మకాం మార్చింది. ఆయనా వెనకే వెళ్లాడు. అక్కడ కుదరలేదు. కొత్త ధ్వనులు కావాలన్నారు, తాగుడు పెరిగింది. 1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల సంబరం. అదేరా, మైకేల్ జాక్సన్ మూన్‌వాక్ చేసిన రాత్రి. మనం వీసీఆర్‌లో అరిగిపోయేదాకా చూసి, నువ్వు హాస్టల్ వరండాలో సాక్సులతో ప్రయత్నించి పళ్లు... ఆ రాత్రి జేమర్సన్ సొంత డబ్బుతో టికెట్ కొనుక్కుని బాల్కనీలో కూర్చుని చూశాడు. ఆగస్టు 2న పోయాడు, 47 ఏళ్లకే. ఆ 1962 బేస్ అంతకు కొద్దిరోజుల ముందే దొంగతనానికి పోయింది, ఇప్పటికీ దొరకలేదు.

ఆ వీడియో అన్నిసార్లు చూశాం, బాల్కనీ వైపు ఒక్కసారైనా చూశామా?

అన్నట్టు మన పాత టేపుల్లో వార్షికోత్సవం క్యాసెట్ నీ దగ్గరే ఉండాలి, నా వైరు ఊడిపోతే నువ్వొక్కడివే తల తిప్పిన పాట. దాన్ని ఎలాగైనా... పిల్లాణ్ణి కరాటే నుంచి తీసుకురావాలి, అయిదు నిమిషాలు లేటయింది, ఫోన్ మోగుతోంది. మిగతాది తర్వా

నీ ఒంటివేలు