రిపేరైన బ్లేడుకు వేడిలో పరీక్ష ఏదీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

అరిగిన టర్బైన్ బ్లేడ్లను, అంటే ఆవిరి లేదా వేడి వాయువు తోపుకు తిరిగే యంత్రపు రెక్కలను, మెటల్ త్రీడీ ప్రింటింగ్‌తో బాగుచేస్తే కొత్తవాటిలాగే పనిచేస్తాయని మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ఆ పద్ధతంటే నాకు గౌరవమే. కానీ ‘కొత్తవాటిలాగే’ అన్న మాటను మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఫ్యాక్టరీల్లో కొనుగోళ్లు చూసేవాళ్లు ఉన్నదున్నట్టు నమ్మేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. నేను చెరకు ఫ్యాక్టరీ పవర్‌హౌస్‌లో మెకానికల్ ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాను.

ఈ పద్ధతిలో అరిగిన అంచు మీద లోహపు పొడి వదులుతూ లేజర్‌తో కరిగించి పొర మీద పొర పేరుస్తారు. కరిగిన చోటు క్షణంలో గడ్డకడుతుంది. గడ్డకడుతూ అది కుంచించుకోబోతే, కిందున్న చల్లని పాత లోహం కదలనివ్వదు. ఆ లాగుడు లోపలే ఉండిపోతుంది. పొడి సరిగ్గా కరగనిచోట పొరల మధ్య కంటికి ఆనని సందులు మిగులుతాయి. పాతదీ కొత్తదీ కలిసే గీత దగ్గర, లేజర్ వేడికి పాత లోహం గుణం కూడా మారుతుంది. వీటివల్ల బ్లేడు మొదటిరోజే విరిగిపోదు. అందుకే ఎవరూ పట్టించుకోరు.

చెరకు ఫ్యాక్టరీ టర్బైన్ ఏకధాటిగా తిరగదు. వానపడి చెరకు బండ్లు రాకపోతే ఆపుతాం, బాయిలర్ ట్యూబు లీకైతే ఆపుతాం. మళ్లీ ఆవిరి వదిలిన ప్రతిసారీ బ్లేడు పల్చటి అంచు ముందు వేడెక్కుతుంది, మందపాటి మొదలు వెనకబడుతుంది. ఒకటి సాగుతానంటే రెండోది ఆపుతుంది. చల్లారేటప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. సందు దగ్గర పుట్టిన సన్న పగులు ఇలా ఆపినప్పుడు కొంచెం, నడిపినప్పుడు కొంచెం ముందుకెళ్తుంది. గ్యాస్ టర్బైన్లలోనైతే వేడి ఇంకా ఎక్కువ. అక్కడ లోహం నెమ్మదిగా సాగిపోవడం, పగులులోకి చేరిన ఆక్సిజన్ దాని కొనను తినేయడం కూడా తోడవుతాయి.

నేను డ్యూటీలో ఉండగా బయటి వర్క్‌షాప్ ఒకటి ఇలా రిపేర్ చేసిన బ్లేడ్లు పంపింది. హార్డ్‌నెస్ రిపోర్టు బాగుంది, ఎర్ర రంగు ద్రవం పూసి పగుళ్లు వెతికే డీపీ టెస్టులో ఒక్క ఎర్రగీతా లేదు. బిగించాం. సీజన్ ముగిశాక కేసింగ్ విప్పి మళ్లీ డీపీ కొడితే, సరిగ్గా పాతా కొత్తా కలిసినచోటే సన్నటి ఎర్రగీతలు తేలాయి. ఆ ముక్క తెగి ఉంటే పక్క వరసల బ్లేడ్లను కూడా నరికేసేది. రాత్రి షిఫ్టులో ఆయిల్ ప్రెషర్ రాసుకునే కుర్రాడు ఆ టర్బైన్ పక్కనే నిలబడతాడు. నాకు ముందు గుర్తొచ్చింది అతనే. వర్క్‌షాప్ వాళ్లను అడిగితే, ‘మా రిపోర్టులన్నీ ఓకే కదండీ’ అన్నారు. ఆ రిపోర్టులన్నీ చల్లగా ఉన్న లోహం మీద తీసినవి. పైగా డీపీ టెస్టు పైకి తెరుచుకున్న పగులునే చూపిస్తుంది, లోపలి సందును చూపించదు.

బాయిలర్‌లో చిన్న ట్యూబు అతకాలన్నా ఇండియన్ బాయిలర్ రెగ్యులేషన్స్ ప్రకారం సర్టిఫికెట్ ఉన్న వెల్డరే కావాలి. 1950 నుంచి ఉన్న నిబంధనలవి. టర్బైన్ లోపలి బ్లేడు వాటి కిందికి రాదు. కాబట్టి ఆర్డరు రాసేవాళ్లే అడగాలి. తీసేసిన పాత బ్లేడు ఒకటి వర్క్‌షాప్‌కు ఇచ్చి, దాని మీద అదే మెషీన్‌తో, అదే పొడితో, అవే సెట్టింగులతో పొరలు వేయించాలి. అందులోంచి సగం పాత లోహం, సగం కొత్త లోహం వచ్చేలా నమూనాలు కోయించి, టర్బైన్ నడిచే వేడిలోనే ఫెటీగ్ టెస్ట్, అంటే లోడు మళ్లీ మళ్లీ వేసి తీసి ఎన్నిసార్లకు పగులుతుందో చూసే పరీక్ష, చేయించాలి. ఉత్త కొత్త పొడితో చేసిన నమూనా ఎంత గట్టిగా ఉన్నా అతుకు గురించి ఏమీ చెప్పదు. అసలు పేచీ అంతా ఆ అతుకు దగ్గరే. దీనికయ్యే ఖర్చు, టర్బైన్ పాడైతే అయ్యే ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

‘హిప్ చేశాం, సందులు మూసుకుపోయాయి’ అంటారు కొందరు. ఆర్గాన్ వాయువులో, వాతావరణానికి వెయ్యి రెట్ల ఒత్తిడితో, బాగా వేడిచేసి నొక్కే పద్ధతి అది. లోపలి సందులకు మంచి మందే. ఉపరితలం దాకా తెరుచుకున్న సందులోకి ఆ వాయువే దూరుతుంది కాబట్టి అది మూసుకోదు. ఫెటీగ్ పగులుకు అలాంటి సందే మరీ ప్రమాదం.

సీమెన్స్ 2017లో త్రీడీ ప్రింటింగ్‌తో చేసిన గ్యాస్ టర్బైన్ బ్లేడ్లను నిమిషానికి 13,000 చుట్ల వేగంతో, 1,250 డిగ్రీలు దాటిన వేడిలో తిప్పి చూశాకే గొప్పగా ప్రకటించింది. అవి రిపేర్ చేసినవి కాదు, పూర్తిగా కొత్తవి. అయినా పరీక్ష మానలేదు. సాయం అడగడానికి మన దగ్గరా చోట్లున్నాయి. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ అనే పరిశోధన సంస్థ లేజర్ పనుల మీద ఏళ్లుగా పరిశోధన చేస్తోంది. రాజాంలో జీఎంఆర్‌ఐటీ, చింతలవలసలో ఎంవీజీఆర్ ఇంజినీరింగ్ కాలేజీలు ఉన్నాయి. మన ఫ్యాక్టరీలు తీసేసిన బ్లేడ్లు ఇస్తే మెకానికల్ పిల్లలు వాటిని కోసి, ఆ అతుకు గీతను మైక్రోస్కోపు కింద చూసి నేర్చుకుంటారు.

మీ విలేకరులు ఈసారి అలాంటి వర్క్‌షాప్‌కు వెళ్తే రెండు ప్రశ్నలు అడగాలని నా మనవి. అతుకు నమూనాను ఎన్ని డిగ్రీల వేడిలో పరీక్షించారు? ఎన్నిసార్లు లోడు వేసి తీస్తే పగిలింది? వాళ్లు చెప్పిన జవాబును ఉన్నదున్నట్టు అచ్చువేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెకానికల్ ఫోర్‌మన్,
రాజాం, విజయనగరం జిల్లా