టీచర్లు ఎందుకు వెళ్లిపోతున్నారని అడిగావు కదా

గవర్నర్‌పేట, విజయవాడ

ప్రియమైన మిత్రుడికి,

నీ ఉత్తరం అందింది. మీ విచారణ (పారిష్) గురువులు నిన్ను మీ కతోలిక బడి ఆర్థిక సంఘంలో సభ్యుడిగా వేశారని చదివి చాలా సంతోషించాను. వేసవి సెలవులు రాగానే నలుగురైదుగురు టీచర్లు మానేస్తున్నారనీ, దసరా దాటాక మధ్యలో వెళ్లిపోయేవాళ్లు కూడా ఉన్నారనీ, జీతాలు పెంచుదామంటే డబ్బు లేదని కరస్పాండెంటు ఫాదరు గారు అంటున్నారనీ రాశావు. ఆడిటరు ఆఫీసులో ఇన్నేళ్లుగా బీసెంటు రోడ్డు బట్టల షాపుల లెక్కలు, ఆటోనగర్ వర్క్‌షాపుల లెక్కలు, బడుల లెక్కలు ఒకే బల్ల మీద చూస్తున్నవాణ్ణి కాబట్టి, నాకు తోచినది దాచకుండా రాస్తున్నాను.

జీతం తక్కువన్నది నిజమే, ఆ మాటను తేలిక చేయను. అయితే ఇంచుమించు ఒకే జీతం ఇచ్చే రెండు చోట్లలో, ఒకచోట ఏళ్ల తరబడి అవే పేర్లు కొనసాగుతూ, రెండోచోట ప్రతి జూన్‌లోనూ జీతాల రిజిస్టరు కొత్తగా రాయవలసి వస్తోందంటే, కారణం డబ్బు నడిపే పద్ధతిలో వెతకాలి. జీతం ఏ తేదీన వస్తుందో, వచ్చే ఏడాది ఎంత పెరుగుతుందో, కోసుకున్న డబ్బు ఎక్కడికి పోతోందో తెలియని మనిషి ఎక్కడా స్థిరపడడు.

నేను లెక్కలు చూసే ఒక బట్టల షాపు యజమాని ఒకటో తారీఖు దాటనివ్వడు. సేల్స్‌మన్ తన పిల్లల ఫీజుకు అడ్వాన్సు అడిగితే ఇస్తాడు, నెలకు ఎంత పట్టుకునేదీ ఆ మనిషి ముందే పుస్తకంలో రాస్తాడు, దీపావళి బోనసు ఎలా లెక్క కట్టాడో అడిగినవాడికి చెబుతాడు. పక్క షాపు వాళ్లు వెయ్యి రూపాయలు ఎక్కువిస్తామన్నా అక్కడివాళ్లు కదలరు. అదే అడ్వాన్సును ఇంకొన్నిచోట్ల మనిషిని కట్టిపడేసే తాడుగా వాడతారు: పెద్ద మొత్తం ముందే ఇచ్చి, తీరేదాకా వెళ్లడానికి వీల్లేదంటారు. బడుల్లో ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకోవడం కూడా అలాంటిదే. అలా కట్టిపడేసిన టీచరు తరగతిలో నిలబడుతుంది గాని మనసు పెట్టి పాఠం చెప్పదు, సర్టిఫికెట్లు చేతికొచ్చిన రోజునే వెళ్లిపోతుంది. మీ బడిలో ఆ అలవాటు ఉంటే మొట్టమొదట దాన్ని ఆపించు. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక బడుల్లో నేను చూసిన పద్ధతులు కొన్ని రాస్తాను, మీ దగ్గర ఉన్నాయో లేవో నువ్వే చూసుకో. బ్యాంకులో ఒక మొత్తం వేసి, అందులో కొంత నగదుగా వెనక్కి తీసుకోవడం. ఏడాదికి పది నెలల జీతమే ఇచ్చి, వేసవిలో అడ్మిషన్ల కోసం మాత్రం ఇల్లిల్లూ తిప్పడం. పీఎఫ్‌లో యాజమాన్యం వాటాను కూడా టీచరు జీతంలోంచే కోయడం. ఈ చివరిదాన్ని చట్టం స్పష్టంగా నిషేధించింది. 1952 నాటి పీఎఫ్ చట్టాన్ని 1982లో విద్యాసంస్థలకు కూడా వర్తింపజేశారు. ఇరవై మంది, అంతకుమించి పనిచేసే బడిలో ఉద్యోగి పన్నెండు శాతం, యాజమాన్యం పన్నెండు శాతం కట్టాలి. పీఎఫ్ లెక్కకు తీసుకునే జీతానికి ఉన్న 15,000 రూపాయల పరిమితి మీద చూస్తే చెరొక 1,800 రూపాయలు. యాజమాన్యం వాటాలోంచి 1,250 రూపాయలు పెన్షన్ ఖాతాకు వెళతాయి. యాజమాన్యం కట్టాల్సిన 1,800 కూడా తన జేబులోంచే పోతోందని తెలిసిన రోజున టీచరమ్మకు ఆ బడి మీద ఉన్న గౌరవం పోతుంది. మనిషి ఆ రోజే మానేయకపోవచ్చు, కాని ఇంకోచోటు వెతకడం అప్పుడే మొదలవుతుంది.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం, దాని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన బడులు ఎక్కువగా తప్పించుకు తిరిగేది ఇక్కడే. టీచర్లు గ్రాట్యుటీ చట్టం కింద ఉద్యోగులు కారని 2004లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా టీచర్లను అందులో చేర్చింది. ప్రైవేటు బడులు దాని మీద కూడా కోర్టుకెళితే 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణ చెల్లుతుందని తేల్చింది. కాబట్టి ఐదేళ్లు పనిచేసిన టీచరుకు ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున ఇచ్చి తీరాలి. చివరి జీతం 18,000 అనుకుంటే, నెలను ఇరవై ఆరు రోజులుగా లెక్కకట్టి, పదేళ్ల సర్వీసుకు 1,03,846 రూపాయలు వస్తుంది. ఒక్కసారిగా ఇవ్వాలంటే బడికి భారమే. కాని నెల నెలా జీతంలో 4.81 శాతం, అంటే ఆ టీచరు పేరున 865 రూపాయలు యాజమాన్యం తన వంతుగా పక్కన పెడుతూ ఉంటే భారం తెలియదు. ఆ డబ్బు విడిగా ఉందని టీచర్లందరికీ తెలియాలి. అయిదో ఏడు దాకా ఆగుదామన్న ఆలోచన అప్పుడే పుడుతుంది.

డబ్బు లేదన్న మాటకు వస్తాను. ఉమ్మడి రాష్ట్రంలో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ఎప్పుడైనా చదివావా? వసూలైన ఫీజులో యాభై శాతం జీతాలకు, పదిహేను శాతం గ్రాట్యుటీ, పీఎఫ్, బీమా వంటి వాటికి, పదిహేను నిర్వహణకు, పదిహేను సంస్థ అభివృద్ధికి, మిగిలిన అయిదు యాజమాన్యానికి అని అది పంచింది. తరువాత ఫీజుల మీద ఎన్ని ఉత్తర్వులు వచ్చినా, ఎన్ని కేసులు నడిచినా, కొలత పెట్టుకోవడానికి నాకు ఇంతకంటే మంచిది కనబడలేదు. మీ బడి పోయిన ఏడాది లెక్కను ఈ అయిదు భాగాలుగా విడగొట్టి చూడు. జీతాలు, వాటి మీది హక్కులు కలిపి అరవై ఐదు దగ్గర లేకపోతే, ఆ తేడా ఏ కొత్త అంతస్తులోకి పోయిందో, ఏ ఇతర సంస్థ ఖాతాకు మళ్లిందో తెలుస్తుంది.

కతోలిక బడుల్లో ఇంకొక చిక్కు ఉంది, దీన్ని నేను బాధతోనే రాస్తున్నాను. పేద పిల్లలకు ఫీజు తగ్గిస్తారు, అది మంచి పని, ఆగకూడదు. కాని ఆ తగ్గింపు ఏ పద్దులోనూ కనబడదు. వచ్చిన డబ్బులోనే అన్నీ సర్దుతారు కాబట్టి, ఆ దానం నిజానికి టీచరు జీతంలోంచి, ఆమెను అడగకుండా చేసినదవుతుంది. రాయితీని విడి పద్దుగా చూపిస్తే దాన్ని పూర్వ విద్యార్థుల దగ్గర, విచారణలో స్తోమత ఉన్నవాళ్ల దగ్గర అడిగి నింపుకోవచ్చు. ఇంతకాలం అడగకపోవడానికి కారణం, లోటు ఎంతో ఎవరికీ చూపించకపోవడమే.

జీతం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఇది సేవ అంటారు. పేదరిక వ్రతం తీసుకున్న సిస్టర్లకు తిండి, వసతి, వైద్యం, ముసలితనం అన్నీ మఠమే చూస్తుంది. పటమటలో అద్దె కట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివించుకునే టీచరు ఆ వ్రతం తీసుకోలేదు. ఈ భేదాన్ని మన కతోలిక శ్రీసభే గుర్తించింది. ఆస్తులు చూసేవారు దేశంలోని కార్మిక చట్టాలను నిష్ఠగా పాటించాలనీ, పనిచేసేవారు తమనూ తమ మీద ఆధారపడినవారినీ పోషించుకోగల న్యాయమైన జీతం ఇవ్వాలనీ శ్రీసభ సొంత చట్టమైన 1983 నాటి కానన్ చట్టం 1286వ నిబంధన చెబుతోంది. విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు వారికి లెక్క చెప్పాలని ఆ తరువాతి నిబంధనలోనే ఉంది. పదమూడవ లియో పాపుగారు 1891లో కార్మికుల గురించి రాసిన రేరుమ్ నొవారుమ్ అనే లేఖ ఇంకా ముందుకు వెళ్లింది: గతిలేక తక్కువ జీతానికి ఒప్పుకున్న మనిషి బలవంతానికీ అన్యాయానికీ గురైనవాడేనంది. ఇష్టపడే చేరింది కదా అనే మాటకు అక్కడే జవాబు ఉంది. ఇప్పటి పాపుగారు పద్నాలుగవ లియో 2025లో ఆ పేరు ఎంచుకోవడానికి ఆ లేఖే ముఖ్యకారణమని స్వయంగా చెప్పారు. సంఘంలో ఎవరైనా నీ మాటను బయటి చట్టాల మాటగా కొట్టిపారేస్తే, వినయంగా ఇవి చదివి వినిపించు.

మరో సంగతి. మన దగ్గర ఫాదర్లకు, సిస్టర్లకు కొన్నేళ్లకొకసారి బదిలీలు అవుతాయి. ఒక హెడ్మిస్ట్రెస్ సిస్టరు గారు నోటితో ఇచ్చిన మాట తరువాత వచ్చినవారికి తెలియదు. అందుకని జీతాల స్కేలు, ఏటా పెరిగే మొత్తం, సెలవులు, వేసవి జీతం అన్నీ ఒక కాగితం మీద రాయించి, సంఘం తీర్మానంగా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించు. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ పోస్టుల్లో ఉన్న పెద్ద టీచర్లకూ అదే స్టాఫ్ రూములో కూర్చునే, బడే జీతమిచ్చే మేనేజ్‌మెంట్ టీచర్లకూ మధ్య జీతంలో ఉన్న అంతరాన్ని బడి పూర్తిగా తీర్చలేదు; కనీసం స్కేలంటూ ఒకటి రాసి ఉంటే చిన్నవాళ్లకు తమ దారి ఎటు వెళుతుందో తెలుస్తుంది.

ఒక్కరోజులో అంతా మారదని నాకూ తెలుసు. ఈ ఏడాదికి జీతం తేదీ, పన్నెండు నెలల జీతం, గ్రాట్యుటీ ఖాతా, ఈ మూడూ సాధిస్తే చాలు. పెంపు వచ్చే ఏడాది ఫీజులు నిర్ణయించేటప్పుడు మాట్లాడవచ్చు. పోయిన ఏడాది ఆడిట్ స్టేట్‌మెంటు, జీతాల రిజిస్టరు నకలు, పీఎఫ్ చలాన్లు తీసుకుని ఫిబ్రవరిలో గుణదల మేరీమాత ఉత్సవాలకు ఒకరోజు ముందే మా ఇంటికి వచ్చేయి. తొమ్మిదో తారీఖు నుంచి జనం పెరిగితే కూర్చుని మాట్లాడుకోవడానికి వీలుండదు. ఇద్దరం కలిసి మీ సంఘానికి ఇవ్వవలసిన కాగితం తయారుచేద్దాం.

ఇట్లు,
నీ మిత్రుడు