ఆదివారం లెదర్ క్లాస్: ఏం తెచ్చుకోవాలి

అందరికీ నమస్కారం.
ఈ ఆదివారం ఉదయం 10కి ఎంవీపీ కాలనీలో మా డాబా మీద కలుద్దాం. మొదటి పని చిన్న కార్డుల పర్సు.

పెద్ద కిట్ కొనేయకండి, ప్లీజ్. పదునైన కట్టర్, స్టీలు స్కేలు, ఆరె (తోలుకి రంధ్రాలు పొడిచే పనిముట్టు), మొద్దు మొన సూదులు రెండు, మైనం పట్టించిన దారం చాలు. ప్లాస్టిక్ స్కేలు వద్దు, బ్లేడు దాన్నే కోసేస్తుంది. తోలు నేను తెస్తాను, 1.5 మి.మీ. మందంది.

కుట్టేది ఇలా: ఒకే దారానికి రెండు కొసల్లో సూదులు. ప్రతి రంధ్రంలోంచీ రెండూ దూరాలి. మిషన్ కుట్టు ఒకచోట తెగితే మిగతావీ ఊడొస్తాయి, ఇలా కుడితే ఊడిపోవు. నాకు ఈ పనిలో బాగా నచ్చింది ఇదే!

వచ్చేవాళ్లు శుక్రవారంలోగా ఇక్కడ పేరు పెట్టండి, ముక్కలు కోసి ఉంచాలి.

మన వైజాగ్ తేమకి తోలు ప్లాస్టిక్ కవర్లో బూజు పడుతుంది. చుట్టుకెళ్లడానికి పాత నూలు గుడ్డ మర్చిపోకండి.