దసరాకు ఇస్తామన్న హెరాల్డ్‌లు సంక్రాంతికే

మా షెడ్డులో బండ్లు పెట్టిన అందరికీ నమస్కారం.

దసరాకు ఇస్తామని మాట ఇచ్చిన రెండు పాత స్టాండర్డ్ హెరాల్డ్ కార్లూ సంక్రాంతికి గానీ మీ చేతికి రావు. ఖర్చు కూడా పెరుగుతోంది. ఎందుకో, ఎంతో దాచకుండా చెబుతాం.

తప్పు మాదే. బాడీ ఛాసిస్ మీద, అంటే బండిని మోసే ఇనుప చట్రం మీద ఉండగానే కింద టార్చి వేసి చూసి అంచనా రాసిచ్చాం. హెరాల్డ్‌కు అలా రాయకూడదు. దీనికి బాడీ వేరు, ఛాసిస్ వేరు. మధ్యలో వెన్నుపూసలా రెండు ఇనుప దూలాలు, వాటి నుంచి పక్కలకు చేతుల్లా సాగే అవుట్‌రిగ్గర్లు. తుప్పు పుట్టేది ఈ చేతుల్లో, అదీ లోపలి నుంచి. పైన నల్లరంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. సుత్తితో తడితే టంగుమనాల్సిన చోట మొద్దుగా మోగుతుంది. అనంతపురం ఎండలో తుప్పేమిటని చాలామంది అడిగారు. ఏళ్ల తరబడి వేపచెట్టు కింద నిలిపిన బండికి తలుపుల అడుగున నీళ్లు కారే రంధ్రాలు ఆకులతో పూడుకుపోతాయి. ఆ చెత్త తడిని పట్టుకుని కూర్చుంటుంది. కార్తీకం వానలు అయిపోయినా లోపల తడి ఆరదు.

బాడీలు లేపి చూస్తే ఒకదానికి మూడు, ఇంకోదానికి నాలుగు అవుట్‌రిగ్గర్లు పోయాయి. అన్నీ ఒకేసారి కోసేస్తే పని తొందరగా అవుతుంది, కానీ ఛాసిస్ మెలితిరుగుతుంది. ఆ తర్వాత తలుపులు ఏం చేసినా సరిగ్గా పడవు. అందుకే లేపక ముందే తలుపుల సందులు కొలిచి రాసుకున్నాం, తలుపు ఖాళీలో అడ్డంగా ఇనుప పైపు వెల్డింగ్ చేశాం. ఇప్పుడు ఒక్క చేయి కోసి, 16 గేజీ రేకుతో కొత్తది కట్టి, కొలత సరిచూసుకున్నాకే రెండోదానికి పోతున్నాం. ఆలస్యమంతా ఇక్కడే. టింకరింగ్‌కు ఒక్కో బండికి 35 వేలు రాశాం, 60 వేలు అవుతుంది. పెరిగిన 25 వేలలో సగం మేం పెట్టుకుంటాం. ఇకమీదట బాడీ లేపకుండా అంచనా రాసివ్వం, రంగు ఏదని అడగం.

రెండో సంగతి ఇంతకన్నా ముఖ్యం, మా దగ్గర ముందే సర్వీసు చేయించుకున్న హెరాల్డ్‌ల వాళ్లు కూడా చదవండి. ముందు చక్రాల దగ్గర కింది వైపు ట్రునియన్ అని ఒక కంచు దిమ్మ ఉంటుంది. నిలువుగా నిలిచే ఉక్కు లింకు దాంట్లోకి మర చుట్లతో దిగి, స్టీరింగు తిప్పినప్పుడల్లా అందులోనే తిరుగుతుంది. అక్కడ గ్రీజు పెట్టకూడదు. 90 నంబరు గేర్ ఆయిలు ఎక్కించాలి. గ్రీజు ఎండి గట్టిపడుతుంది, మర సందుల్లోకి నీళ్లు చేరతాయి, తుప్పు తిన్న లింకు ఒకరోజు మర దగ్గరే పుటుక్కున విరుగుతుంది. చక్రం లోపలికి మడుచుకుపోతుంది. గ్రీజు గన్నులోనే ఆయిలు నింపి, పైన సీలు దగ్గర కారేదాకా కొట్టాలి. ఆరు నెలలకోసారి చాలు. మా కుర్రాళ్లు మునుపు కొన్ని బండ్లకు అలవాటు కొద్దీ గ్రీజు కొట్టి ఉంటారు. తీసుకురండి, డబ్బు లేకుండా విప్పి, కడిగి, ఆయిలు పెట్టిస్తాం. మర అరిగి ఉంటే లింకు మార్చాల్సిందే, దాని ధర మాత్రం మీది.

ఇంజిను గురించి. ఒకదానికి పిస్టన్లు పట్టేశాయి. ప్లగ్గులు తీసి, డీజిలూ ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఏటీఎఫ్ ఆయిలూ కలిపి పోసి వారం వదిలేశాం, తర్వాత పుల్లీ నట్టుకు పానా వేసి ముందుకూ వెనక్కూ ఆడిస్తే వదులైంది. స్టార్టరుతో లాగితే రింగులు విరిగేవి. రెండోది సులువుగా తిరిగింది గానీ క్లచ్ తొక్కితే ముందు పుల్లీ కంటికి కనబడేంత జరుగుతోంది. క్రాంకు, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ముందుకూ వెనక్కూ జరిగే ఆట 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు ఉండాలి. అంతకు మించితే వెనక మెయిన్ బేరింగు దగ్గర ఆ జరుగుడును ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగాయని అర్థం. అలాగే నడిపితే అవి ఇంజిను అడుగున ఆయిలు నిలిచే సంపులోకి రాలిపోతాయి, క్రాంకు బ్లాకును తింటుంది. సంపు విప్పి మార్చేస్తే చిన్న ఖర్చుతో పోతుంది. మీరూ ఇంట్లో చూసుకోవచ్చు, ఒకరు క్లచ్ తొక్కితే చాలు.

బోల్టులు మీరే కొనుక్కొచ్చి ఇవ్వకండి. ఈ బండికి 5/16 యూఎన్ఎఫ్ మర, అంటే అంగుళాల కొలతలో ఉండే సన్న మర. 8 ఎంఎం బోల్టు పక్కన పెడితే ఒకటే అనిపిస్తుంది, రెండు చుట్లు ఎక్కుతుంది కూడా, ఆ తర్వాత మర కోసేస్తుంది. సరైనవి బెంగళూరు జేసీ రోడ్డులో వెతికి తెస్తున్నాం.

పెట్రోలు గొట్టాలు, పంపులోని డయాఫ్రం అనే రబ్బరు పొర అన్నిటికీ మారుస్తున్నాం. ఇప్పటి 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు పాత రబ్బరు ఉబ్బి పొరలు పొరలుగా ఊడి కార్బురేటర్లో అడ్డం పడుతుంది.

మారుతి ఇంజిను వేసేద్దామా అని ఇద్దరు అడిగారు. మేం వేయం. 50 ఏళ్లు దాటిన కారుకు 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. రుసుము 20 వేలు, 10 ఏళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఇంజినో ఛాసిసో బాడీనో పెద్దగా మార్చిన బండికి అది రాదు. అలాంటి నంబరుతో రోజూ ఆఫీసుకు తిరగడం కుదరదని కూడా తెలుసుకోండి. ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోలు, రిపేరు, ఇలాంటి వాటికే.

ఇంట్లో పాత హారను, విరిగిన హ్యాండిల్, ఏ చిన్న ముక్క ఉన్నా పారేయకుండా డబ్బాలో వేసి తెండి. వచ్చే ఆదివారం రెండు బాడీలూ కిందే ఉంటాయి. సుత్తి ఇస్తాం, మీరే తట్టి చూసుకోవచ్చు.