కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2025-26: పిల్లల బరువు మీద చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం. రాలేనివాళ్లు కూడా చదువుకుంటారని నివేదిక ముందుగానే పెడుతున్నాను.

బోరు మోటారు, వీధి దీపాలు, వినాయక చవితి సంగతి మీకు తెలిసిందే. ఈ ఏడాది సంఘం గర్వంగా చెప్పుకోవాల్సింది బాలల దినోత్సవం తర్వాతి ఆదివారం కమ్యూనిటీ హాల్లో పెట్టిన పిల్లల ఎత్తు, బరువు శిబిరం. లడ్డూ వేలం డబ్బుతో కొన్న డిజిటల్ తూకం, గోడకి బిగించిన స్కేలు, ఒక టైలరు టేపు, ఇంతే సరంజామా. బూట్లు విప్పించి, ఒక్కొక్కరినే తెర వెనక్కి పిలిచి కొలిచాం, అంకె చీటీ మీద రాసి తల్లిదండ్రుల చేతికిచ్చాం తప్ప పైకి చదవలేదు. అది పిల్లల డాక్టరుగారు ముందే పెట్టిన షరతు. బడిలో 'బండోడా' అనిపించుకునే పిల్లాడు ఇక్కడా అదే వింటే మళ్లీ తూకం ఎక్కనంటాడని, ఆ బాధలో ఇంకాస్త ఎక్కువ తింటాడని ఆవిడ చెప్పారు.

పెద్దవాళ్ల లెక్క పిల్లలకి ఎందుకు పనికిరాదని చాలామంది అడిగారు. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ, అంటే ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, అంతవరకు ఇద్దరికీ ఒకటే. పదేళ్ల అబ్బాయి 140 సెంటీమీటర్లు, 44 కిలోలు అనుకోండి, 22.4 వస్తుంది. పెద్దవాళ్లకైతే అది మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం ఆ వయసు అబ్బాయికి 21.4 దాటితే చాలు, ఊబకాయమే. అందుకే వయసు, ఆడో మగో చూసి చార్టులో చుక్క పెట్టాలి, కంటితో చూసి తేల్చేది కాదు. నడుము కొలత ఎత్తులో సగం దాటినా జాగ్రత్తపడాలి.

ఒక తల్లి పాప మెడ వెనక నల్లటి పట్టీ చూపించి, సున్నిపిండితో ఎంత రుద్దినా పోవట్లేదండీ అన్నారట. అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయట్లేదనడానికి గుర్తు కావచ్చు. తర్వాత మాట్లాడేటప్పుడు డాక్టరుగారు ఎవరని చెప్పకుండా ఆ సంగతి ఎత్తితే, హాల్లో తల్లులంతా పిల్లల కాలర్లు వెనక్కి లాగి చూసుకున్నారు. శిబిరం పెట్టిన ఫలం నాకు అక్కడే దక్కింది.

థైరాయిడేమోనని టెన్షన్ పడినవాళ్లు ఎక్కువ. వయసుకి తగ్గ ఎత్తు పెరుగుతున్న పిల్లలు హార్మోన్ల జబ్బుతో లావెక్కడం అరుదు. పస్తులు పెట్టొద్దు. ఎదిగే వయసు కాబట్టి చాలామందికి బరువు పెరగకుండా నిలబెడితే చాలు, ఎత్తు వచ్చి సరిపోతుంది. అయితే అది పిల్లాడొక్కడి పథ్యం కాదు. 300 మి.లీ. కూల్ డ్రింకు సీసాలో 30 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, అది ఫ్రిజ్‌లో ఉన్నంతకాలం వాడు తాగుతాడు, నాన్న టీవీ ముందు మిక్చర్ తింటుంటే వాడూ తింటాడు. బొద్దుగా ఉంటేనే ముద్దనే అమ్మమ్మలకీ ఈ మాట చెప్పండి.

రోజుకి గంట ఆట కావాలి, మరి చోటేదీ? పార్కులో సగం కాంట్రాక్టరు పైపులే. అర్జీల మీద అర్జీలు ఇచ్చాం, 'చూస్తాం' అన్న అధికారి ఇటు తొంగి చూడలేదు. బడి గేటుకి 50 మీటర్ల లోపు కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న సరుకు అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020లోనే నియమం పెట్టింది, మన పక్క బడి గేటు దగ్గర చిప్స్ దండలు ఇంకా వేలాడుతున్నాయి.

వాట్సాప్‌లో 'మేము రెడీ' అని బొటనవేలు పెట్టినవాళ్లలో చాలామంది శిబిరం రోజు ఫోనే ఎత్తలేదు. సాయంత్రం ఆటలు కూడా పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే పెద్దలు లేకే ఆగిపోయాయి. పిల్లలు బంతి పట్టుకుని వచ్చి వెనక్కి వెళ్లారు, నాకు చాలా కష్టంగా అనిపించింది.

ఫీజు తీసుకోని డాక్టరుగారికి, సాయం చేసిన నర్సింగ్ విద్యార్థినులకి, తెల్లవారుజామునే లేచి రాగి ఇడ్లీలు వండి తెచ్చిన మూడో వీధి ఆడపడుచులకి, కుర్చీలు పంపిన టెంట్ హౌస్ వారికి, హాలు ఊడ్చి సర్దిన వాచ్‌మన్‌కి పేరుపేరునా ధన్యవాదాలు.

జమాఖర్చులు ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డులో ఉన్నాయి. బకాయిలున్నవాళ్లు దయచేసి ఈ నెలలో కట్టేయండి.

బడులు తెరిచాక జూన్‌లో మళ్లీ కొలుస్తాం, పాత చీటీ తీసుకురండి. తూకం దగ్గర ఇద్దరు, చార్టు దగ్గర ఇద్దరు కావాలి. కచ్చితంగా వచ్చేవాళ్లే మీటింగులో పేర్లు ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి