అమ్మ రిపోర్టు గురించి అక్కయ్యకు

అక్కయ్యకు నమస్కారములు. ఇక్కడ నేను క్షేమం.

అమ్మ రొమ్ము క్యాన్సర్ రిపోర్టులో పి53 మ్యుటేషన్ (పి53 అనే జన్యువులో మార్పు) అని రాశారనీ, అది మనకూ వచ్చినట్టేనా అనీ అడిగావు. ఫోనులో రెండు ముక్కల్లో చెబితే అపార్థానికి దారితీస్తుందని తీరికగా రాస్తున్నాను.

కణవిభజనకు కళ్లెం వేసే జన్యువులకు తల్లి వైపు నుంచి ఒకటి, తండ్రి వైపు నుంచి ఒకటి చొప్పున రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుందనీ, రెండూ పోయినప్పుడే కణితి మొదలవుతుందనీ 1971లో నడ్సన్ అనే శాస్త్రవేత్త పిల్లల కంటి క్యాన్సర్‌ను పరిశీలించి ప్రతిపాదించాడు. అలాంటి జన్యువే అయినా, నేను ల్యాబులో రోజూ చూసే పి53 ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు. ఈ జన్యువు తయారుచేయించే ప్రొటీన్ (దాని పేరూ పి53యే) అణువులు నాలుగేసి జట్టుకట్టి డీఎన్‌ఏను పట్టుకుంటాయి గనుక, జట్టులో చేరిన చెడ్డవి మంచివాటి పనినీ పాడుచేస్తాయి. ఎండీఏ-ఎంబీ-231 అనే రొమ్ము క్యాన్సర్ కణాలలో, 393 అమైనో ఆమ్లాల ఈ ప్రొటీన్‌లో 280వ చోట ఆర్జినైన్‌కు బదులు లైసిన్ ఉంది. ఆ ఒక్క మార్పుకే దాని పట్టు సడలింది.

చెడిన ప్రొటీన్ కణంలో కనిపించదని మొదట్లో అనుకున్నాను. పి53కు అంటుకునే యాంటీబాడీతో రంగు పట్టించి చూస్తే ఆ కణాల కేంద్రకాలన్నీ ముదురు గోధుమరంగులో నిండిపోయి ఉన్నాయి. పి53 సవ్యంగా ఉన్న ఎంసీఎఫ్-7 అనే మరో రకం రొమ్ము క్యాన్సర్ కణాలలో రంగు అంతంతమాత్రమే. సవ్యమైన పి53 తనను నాశనం చేసే ఎండీఎం2 ప్రొటీన్‌ను తానే తయారు చేయిస్తుంది, చెడినదానికి ఆ శక్తి లేక పోగుపడిపోతుంది. పని మానేసిన కాపలావాడు గుమ్మానికి అడ్డంగా కూర్చున్నట్టు!

ఇక నీ ప్రశ్న. ఇలాంటి మార్పు సాధారణంగా జీవితకాలంలో రొమ్ములోని ఏదో ఒక కణంలో పుట్టి, ఆ కణితికే పరిమితమవుతుంది. పుట్టుకతోనే పి53 లోపం ఉండే కుటుంబాలు ఉన్నా, అవి చాలా అరుదు. వంశపారంపర్యంగా ఎక్కువగా దిగేవి, 1994, 1995లలో వేరుచేసిన బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 జన్యువుల లోపాలు. తెగిన డీఎన్‌ఏను అతికే పని వాటిది. తల్లికైనా తండ్రికైనా ఆ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం సగం, మగపిల్లలకు కూడా.

అమ్మ రిపోర్టు కణితి ముక్కను పరీక్షించి రాసినది. దాన్నిబట్టి మన సంగతి తేల్చలేము. ముందు అమ్మకే రక్తంతో జన్యుపరీక్ష చేయించవచ్చునేమో డాక్టరుగారిని అడుగు. అందులో లోపం బయటపడితే, అదే లోపం కోసం మనం ముగ్గురమూ, తమ్ముడితో సహా, పరీక్ష చేయించుకుందాము. రిపోర్టు పేజీలన్నీ ఫొటో తీసి పంపు.

ఇట్లు,
నీ చెల్లెలు